రెండో పిల్లి

వంటగది గోడలోని వడ్డనగూడు తలుపు తెరుచుకుని, ఒక గిన్నెకు బదులు రెండు గిన్నెలను బయటికి తోసింది. "ఇద్దరికీ సిద్ధం," అంది మర్యాదగా.

ఆ ఇంట్లో ఉన్నది ఒక్క పిల్లే. దాని పేరు మునసబు. పేరుకు తగ్గ పెత్తనం దానిది. మొదటి గిన్నె ఖాళీ చేసి, రెండోది కూడా తన హక్కే అన్నట్టు దాని ముందుకు జరిగింది.

"ఇవాళ కూడానా?" అన్నాడు ప్రణవ్ విసుగ్గా. "కంపెనీకి కబురు పెట్టాను. ఎవరో అమ్మాయి వస్తోందిట."

అతని భార్య లాస్య కత్తిపీట ముందు నేలమీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

విశాఖలో అప్పటికి పెంపుడు జంతువున్న ప్రతి ఇంటి వడ్డనగూటికీ ఇష్టమాపిని ఉంది. కుక్క ఏం తింటుందో, పిల్లి ఏం వదిలేస్తుందో తెలియక మనుషులు జుట్టు పీక్కునే రోజులు పోయాయి. గూడు పైన అమర్చిన చిన్న కన్ను గిన్నె దగ్గరున్న ముఖంలోని వేడిని చూస్తుంది. ఇష్టమైన వాసన తగలగానే కంటి మూలలు, చెవి అంచులు రవ్వంత వెచ్చబడతాయి. ఇష్టం లేకపోతే ఆ తేడా రాదు. దాన్నిబట్టి గూడు మర్నాటి వంట నిర్ణయించుకుంటుంది.

మునసబుకు ఎండు నెత్తళ్ళంటే ప్రాణమని కనిపెట్టింది అదే. ప్రణవ్‌వాళ్ళది వేదం చదువుకున్న వంశం. ఆ వంటింట్లోకి చేప వాసన రోజూ రావడం మొదలైంది పిల్లి పుణ్యమా అని. "నోరులేని జీవి. దాని తిండి దానిది," అని ప్రణవ్ స్నేహితుల దగ్గర పెద్దమనసుతో చెప్పేవాడు. ఆ వెంటనే ఇంకో మాట కలిపేవాడు: "లాస్యది పూడిమడక. అయినా పెళ్ళయ్యాక తనకి ఆ ధ్యాసే లేదు."

లాస్య ఆ చేపలరేవు ఊళ్ళో పడవలవాళ్ళ ఇంట పుట్టింది. ఓడరేవులో పెద్ద పెద్ద క్రేన్లను వేలికొనలతో ఆడించే మనిషి. కాపరానికి వచ్చిన కొత్తలో ఒకసారి నెత్తళ్ళు వండింది. అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ రోజంతా వరండాలో కూర్చుండిపోయి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. లాస్య మళ్ళీ వండలేదు. ఆవిడ మంచి మనిషి కావడమే చిక్కయింది. గయ్యాళి అయ్యుంటే లాస్య ఏనాడో ఎదురుతిరిగేది. ఆవిడ పోయి నాలుగేళ్ళయినా, మానేసింది మానేసినట్టే ఉండిపోయింది.

కంపెనీ అమ్మాయి ఆద్య వచ్చి, ఇష్టమాపిని దాచుకున్న వేడిబొమ్మలను గోడమీద పరిచింది. మొదటి బొమ్మలో మునసబు. రెండో దానిలో కాస్త గుండ్రటి ముఖం. మీసాలు లేవు.

"ఇదా సంగతి," అంది ఆద్య నవ్వుతూ. "నడుం ఎత్తుకి కింద వెచ్చటి ముఖం ఏది కనిపించినా దీనికి పెంపుడు జంతువేనండి. దీన్ని తయారుచేసినవాళ్ళంతా నిలబడి వండుకునేవాళ్ళు. కింద కూర్చుని కూరలు తరిగేవాళ్ళు ఉంటారని వాళ్ళకి తట్టలేదు." బొమ్మలు ఒక్కొక్కటే జరిపింది. "కానీ ఇంత ఇష్టం మునసబుక్కూడా లేదండీ. అదీ, నెత్తళ్ళు వచ్చిన పూట మాత్రమే..."

ఎదురుగా కత్తిపీట ముందున్న మనిషిని చూసి ఆద్య మాట మింగేసింది. "తుడిచెయ్యమంటారా?"

ప్రణవ్ పకపకా నవ్వాడు. "తుడిచెయ్యమ్మా. మా ఆవిణ్ణి పిల్లికింద జమకట్టింది."

లాస్యకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. పిల్లికి గిన్నె వచ్చే వేళకే తను అక్కడ ఎందుకు కూర్చుంటోందో ఇన్నాళ్ళూ తనకు తానే ఒప్పుకోలేదు. ఆ మూల గాలి బాగా వస్తుందని సరిపెట్టుకుంది. ఇప్పుడు ఊరుకుంటే చాలు, బొమ్మ చెరిగిపోతుంది. ప్రణవ్ ఈ కథ కూడా స్నేహితులకు చెప్పి నవ్విస్తాడు. అది తలచుకోగానే సిగ్గు పోయి కోపం వచ్చింది.

"ఉంచమ్మా," అంది లేచి నిలబడి. "అది తప్పేం చెప్పలేదు. ఆ రెండోది నేనే. నాకు నెత్తళ్ళంటే ఇష్టం."

ఆద్య వెళ్ళిపోయాక ప్రణవ్ తలుపు వేసి వచ్చాడు. నొచ్చుకుంటూ అన్నాడు. "తినాలనుంటే ఒక్కమాట అడగొచ్చుగా? నేను వద్దంటానా?"

"మునసబు అడిగేడేటి?"

ప్రణవ్ చూపు గూడు పైనున్న కన్ను మీదికి పోయింది.

"ఆడు అడగలేడని గోడకి కన్ను పెట్టించేవు," అంది లాస్య. "నేను రోజూ నీ ఎదురుగానే ఉన్నాను, ప్రణవ్. ఏం తింటావని ఒక్కసారైనా అడిగేవా?"

"అమ్మ బాధపడుతుందని..."

"అత్తమ్మ కోసం మానేసేను. దానికి నాకు విచారం లేదు. నాకసలు ఇష్టమే లేదని నువ్వు ఊరందరికీ చెప్పుకుంటన్నావు చూడు, అది నేను ఒప్పను. ఈ పొయ్యి మీదే వండుతాను. ఈ బల్ల దగ్గరే తింటాను. నువ్వు తినక్కర్లేదు. ఎదురుగా కూకుంటే చాలు."

సంచి తీసుకుని చేపలరేవుకు తనే వెళ్ళింది. ఎండు నెత్తళ్ళు ఏరి ఏరి కొంది. తలలు తుంచి, వేణ్ణీళ్ళలో కడిగి, వంకాయ ముక్కలతో కలిపి చింతపండు పులుసు పోసింది. కిటికీలు తెరవలేదు. ఆ వాసన లిఫ్టు దాకా పాకింది. పక్కింటివాళ్ళు తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకున్నారు.

ప్రణవ్‌కు ఆ వాసన పడలేదు. అయినా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. లాస్య అన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అతను ఆమె ముఖం వంక చూస్తూనే ఉన్నాడు. ఇష్టం ముఖంలో ఎక్కడ కనిపిస్తుందో అతనికి తెలియలేదు. చివరికి నోరు తెరిచి అడిగాడు.

"ఎలా ఉంది?"

పాతికేళ్ళ కాపరంలో ఆ మాట ఎప్పుడూ ఆమే అడిగేది, అతను చెప్పేవాడు.

"ఉప్పెక్కువైంది," అంది లాస్య. ఇంకో గరిటె వేసుకుంది.