వుకాషిన్ ఇంట్లో కుళాయి

ఆ స్నానాలగదిలో కుళాయి ముట్టుకుంటే ఎవరో చెయ్యి పట్టుకుంటారని మా ఊరంతా అనుకునేది. గుంజరు, గిల్లరు... వేళ్ళమీద వేళ్ళు వేసి సన్నగా వణికిపోతారు.

వుకాషిన్ భార్య రోసాండా పోయింది ఆ గదిలోనే. స్నానానికని వెళ్ళిన మనిషి మళ్ళీ తలుపు తియ్యలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఊరు ఒప్పుకుంటేగా! అంతకుముందే ఆ ఇంట్లో రాత్రిళ్ళు ఉన్నట్టుండి దీపాలన్నీ ఆరిపోయేవి. చచ్చిపోయిన అత్తగారు తిరుగుతోందని, చివరికి కోడల్ని తీసుకుపోయిందని తేల్చేశారు. ఆ ఇంటికి రాకియా సారా తాగడానికి వెళ్ళిన మగధీరులు కూడా చేతులు పెరట్లో పంపు దగ్గరే కడుక్కునేవారు.

వుకాషిన్ ఒక్కడికే భయం లేదు. సాయంత్రమైతే రబ్బరు చెప్పులేసుకుని చేతులు కడుక్కోవడానికి ఆ గదిలోకి వెళ్ళేవాడు. ఎంతసేపటికీ వచ్చేవాడు కాదు.

కూతురు లూబింకా చంటిపిల్లతో పుట్టింటికొచ్చింది. మొదటి సాయంత్రమే, పిల్లకి నీళ్ళు పోద్దామని కుళాయి తిప్పి, కెవ్వుమంది. వీధి చివరుండే ఎలక్ట్రీషియన్ గోయ్‌కోకి కబురు పెట్టింది.

"దెయ్యాలకి రిపేరు నేను చెయ్యను," అన్నాడు గోయ్‌కో నవ్వుతూ. చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చున్న చనువు.

"అయితే నువ్వు పెట్టు చెయ్యి."

అతను పెట్టలేదు. ఆ ఇల్లంటే అతనికీ దడే.

నడవాలో కరెంటు పెట్టె ఉంది. అందులో ఫిడ్ ఉంటుంది. కరెంటు ఎక్కడ లీకైనా రెప్పపాటులో ఇల్లంతా కట్ చేసే మీట అది. అది ఎంత వేగంగా కట్ చేస్తుందో కొలిచే మీటరు తగిలించి చూశాడు గోయ్‌కో. అంకె పడాలి... పడలేదు. మళ్ళీ చూశాడు. ఊహూఁ.

పోనీ అని ఫిడ్ మీదుండే టెస్టు బొత్తాం నొక్కాడు.

టక్!

మీట కిందికి వాలింది.

దీపం మాత్రం వెలుగుతూనే ఉంది...

వంటింట్లో రేడియో పాడుతూనే ఉంది.  గోయ్‌కో తెలియకుండానే శిలువ గుర్తు వేసుకున్నాడు.

"అమ్మే..." లూబింకా గుసగుసలాడింది. "అమ్మకి చీకటంటే భయం. ఆర్పనివ్వడం లేదు."

 గోయ్‌కో పిల్ల మొహం చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. మెయిన్ ఫ్యూజు పీకేసి, టార్చి వేసి, పెట్టె మూత విప్పాడు.

లోపల రెండు లావుపాటి తీగలు. ఫిడ్‌లోకి వచ్చే కరెంటుని దాన్ని తప్పించి నేరుగా ఇంట్లోకి పంపేస్తున్నాయి. ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టేసే అలవాటు మా ఊళ్ళో ఇంటింటికీ ఉంది. ఎవరో దీనికీ ఆ వైద్యమే చేశారు.

"ఇది ఉన్నా లేనట్టే లూబింకా. మీ వేణ్ణీళ్ళ బాయిలర్‌లో కరెంటు లీకవుతోంది, అదే కుళాయిలోకొస్తోంది. అప్పట్లో దీపాలు ఆరిపోయిందీ అందుకే. ఫిడ్ దాని పని అది చేసింది. ఈ తీగలు ఏ వెధవ కట్టాడో గానీ..."

"నేనే."

వెనక వుకాషిన్ నిలబడి ఉన్నాడు.

"తల తడుపుకోగానే దీపం పోయేది. మా అమ్మ వచ్చిందని హడలిపోయేది పిచ్చిది. ఇక ఆరదులే రోసా, అని నేనే కట్టాను. ఆ నెలలోనే..."

లూబింకా పిల్లని గుండెకి హత్తుకుంది.  

గోయ్‌కో తీగలు ఊడదీసి ఫ్యూజు పెట్టాడు. మీట ఎత్తగానే పడిపోయింది. బాయిలర్ తీగలు తప్పించి మళ్ళీ ఎత్తాడు. నిలబడింది. మీటరు మీద అంకె పడింది. ఇల్లంతా వెలుగు.

ఇంతలో స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు. గోయ్‌కో వెళ్ళి చూశాడు.

వుకాషిన్ రెండు చేతులూ కుళాయి మీద వేసి నిలబడ్డాడు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"పట్టుకోవట్లేదురా, గోయ్‌కో..." అన్నాడు. "ఇవాళ రోసా నా చెయ్యి పట్టుకోవట్లేదు."