లేచి నిలబడ్డ ఇద్దరు

"నిన్ను ద్రోహి అని చాటించింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకోవాల్సిందీ నేనే" అన్నాడు సేనాపతి దెక్సియోస్. "ముందు ఈ పని కానియ్యి."

ఖారినోస్ తలూపాడు. అతను పదకొండేళ్ళుగా స్పార్టాలో ఏథెన్స్ ఏజెంటు. అక్కడ డాళ్ళకు తోలు పట్టీలు కుట్టే పనివాడి వేషం. శత్రువులు నమ్మాలి కాబట్టి ఇక్కడ సొంత ఊరు అఖర్నై పౌరుల జాబితాలో అతని పేరు కొట్టేయించారు. అసలు సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు మహమ్మారిలో పోయారు, దెక్సియోస్ మిగిలాడు.

పేరు లేనివాడికి ఏథెన్సులో ఓటు లేదు, ఇల్లు లేదు, చస్తే తన వాళ్ళ పక్కన ఆరడుగుల నేల కూడా లేదు. ఖారినోస్‌కి బిరుదులు అక్కర్లేదు. ఆ పేరొక్కటి కావాలి.

మిషన్ చిన్నది, గడువు ఇంకా చిన్నది. రేపు ఉదయం మహాసభలో కెర్కిరా ద్వీపం రాయబారి మాట్లాడతాడు. సభ ఒప్పుకుంటే వాళ్ళ ఓడలన్నీ ఏథెన్స్ వైపు. అతన్ని సభలోనే చంపడానికి స్పార్టా మనిషి ఒకడు ఊళ్ళో ఉన్నాడు. వాడెవడో ఎవరికీ తెలియదు. స్పార్టా వాణ్ణి స్పార్టాలో బతికినవాడే పసిగట్టగలడని దెక్సియోస్ లెక్క. సభలో అడుగు పెట్టడానికి చచ్చిపోయిన వాడి పేరొకటి ఖారినోస్‌కి ఇచ్చాడు.

"ఇంతకీ ఎలా ఉంటుందయ్యా అక్కడ?" అని అతను వెళ్ళబోతుంటే దెక్సియోస్ అడిగాడు.

"అందరూ ఒకే బల్ల దగ్గర తింటారు, ఎవడూ మాట్లాడడు" అన్నాడు ఖారినోస్. "ఇక్కడ అందరూ మాట్లాడతారు. తిండి మాత్రం ఎవడి ఇంట్లో వాడిది."

తనకు మాత్రం ఆ పూట తినడానికి ఇల్లు లేదు.

సాయంత్రం పిరేయస్ రేవులో ఫిలిన్నని కలిశాడు. వేణువు వాయించే మనిషి. ఆమె నవ్వితే నావికులు లంగరు వేయడం మరిచిపోతారని ప్రతీతి. రెండు పక్షాలకూ పనిచేస్తుంది, ఆ మాట దాచదు కూడా. తన నడుముకున్న తోలు పట్టీ విప్పి చేతికిచ్చింది. స్పార్టా మనిషి చదివి తిరిగిచ్చేసిన ఆజ్ఞ అది. ఖారినోస్ స్పార్టా నుంచి తెచ్చుకున్న కర్రకు దాన్ని చుట్టగానే చెల్లాచెదురుగా ఉన్న అక్షరాలు మాటలయ్యాయి. ముందు వరసలో కూర్చో. రాయబారి నోరు తెరవక ముందే ముగించు. అంతే. స్పార్టా వాళ్ళు కోడ్‌లో కూడా పొదుపే.

మనిషి ఎలా ఉంటాడని అడిగితే ఆమె పెదవి విరిచింది. గడ్డం, మాట, నడక, పందేలు, తగాదాలు, అన్నీ ఏథెన్స్ వాడివేనట. "వెతుక్కో దొరా. నాకైతే వాడికీ నీకూ తేడా కనబళ్ళేదు."

తెల్లవారగానే ఎర్ర రంగులో ముంచిన తాడు చెరో కొసా పట్టుకుని బంట్రోతులు సంతలో కబుర్లాడుకునే జనాన్ని సభ జరిగే కొండ మీదికి తోలుకొచ్చారు. బట్టకి రంగంటితే జరిమానా. స్పార్టాలో తాడు అక్కర్లేదు. పిలిస్తే వస్తారు, ఓటుకి అరవమంటే అరుస్తారు, పెద్ద అరుపుదే గెలుపు. ఇక్కడ ఆరు వేల మందినీ ఒప్పించాలి, అందులో సగం మంది ఉల్లిపాయలు నములుతూ ఉంటారు.

ఖారినోస్ అయిదో వరసలో కూర్చుని ముందు వరస వీపులన్నీ వెతికాడు. అందరూ గోల చేస్తున్నారు, అందరూ ఒకేలా ఉన్నారు. వేదిక మీద పందిపిల్లను బలిచ్చి ప్రార్థన ముగించారు. కెర్కిరా రాయబారి మెట్లెక్కుతున్నాడు.

అప్పుడొచ్చాడు ఒక ముసలాయన. ఆలస్యమైంది, అంగీ అంచంతా ఎర్ర రంగు. చోటు కోసం వరసల మధ్య తడుముకుంటూ నడిచాడు. జనం నవ్వారు, ఒకడు కాళ్ళు ఇంకాస్త చాపుకున్నాడు.

ఖారినోస్ లేచి నిలబడ్డాడు. ఆలోచించి కాదు. స్పార్టాలో పెద్దవాడు కనబడితే కూర్చున్నవాడు ఉండడు. పదకొండేళ్ళలో అది కాళ్ళకు పట్టేసింది.

చుట్టూ చూశాడు. ఆరు వేల మందిలో లేచినవాళ్ళు ఇద్దరు. రెండోవాడు ముందు వరసలో ఉన్నాడు.

ఇద్దరి చూపులూ కలిశాయి. రెండోవాడి చేతికర్రలోంచి సన్నటి కత్తి బయటికొచ్చింది. ఖారినోస్ నాలుగు వరసల భుజాలు తొక్కుకుంటూ దూకాడు. కత్తి రాయబారి అంగీని చీల్చింది, చర్మం దాకా వెళ్ళేలోపు ఆ మణికట్టు ఖారినోస్ గుప్పిట్లో ఉంది.

కాపలా విలుకాళ్ళు ఇద్దర్నీ కట్టేశారు. కలిసి లేచారు కాబట్టి ఇద్దరూ దొంగలే. ఖారినోస్ మనవాడేనని దెక్సియోస్ వేదికెక్కి గొంతు చించుకున్నాడు. స్పార్టాలో అయిదుగురు అధికారులు చెబితే చాలు. ఇక్కడ సేనాపతి మాట నమ్మే అలవాటు లేదు. అఖర్నై బొగ్గుల వ్యాపారి ఒకడు లేచాడు.

"అయ్యా, వీడి పేరు మేమే కొట్టేశాం. అయినా మా అఖర్నై వాడు ముసలాడికి లేస్తాడా?"

గోల మొదలైంది. కట్టేసిన రెండోవాడు ఆ గోలలో మెల్లగా అడిగాడు. "మా ఊళ్ళో ఎన్నేళ్ళు?"

"పదకొండు."

"నేనిక్కడ తొమ్మిది. మొదట్లో మీ వాళ్ళ వాగుడికి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడది లేకపోతే పట్టదు."

తరవాత వాడు తలెత్తి వేదిక వైపు చూశాడు. సభలో గోల కాస్త తగ్గింది.

"వీడు మావాడు కాదు" అన్నాడు. "మావాడైతే లేచి ఊరుకుంటాడు. వీడు లేచాక ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూశాడు."

ఆ వెంటనే ఆరు వేల మందీ పడీపడీ నవ్వారు. ఏథెన్స్ వాడనడానికి ఇంతకు మించిన రుజువు వాళ్ళకి అక్కర్లేదు. చేతులు లేచాయి. ఖారినోస్ పేరు మళ్ళీ జాబితాలో రాయాలని గుమాస్తా రాసుకున్నాడు. సాక్షి: శత్రువు.

వాణ్ణి తీసుకుపోతుంటే ఖారినోస్ కనుమరుగయ్యేదాకా చూశాడు. తొమ్మిదేళ్ళంటే ఏమిటో, పదకొండేళ్ళంటే ఏమిటో తెలిసిన మనిషి ఈ ఊళ్ళో వాడొక్కడే. వాణ్ణి పట్టించింది తనే.

సభ మళ్ళీ ఓడల సంగతిలో పడింది. అయిదో వరసలో అతని చోట్లో ఎవడో కూర్చుని ఉల్లిపాయ ఒలుచుకుంటున్నాడు. ముసలాయన నిలబడే ఉన్నాడు. వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డ ఖారినోస్‌ని ఎగాదిగా చూసి ఆయన జాలిపడ్డాడు.

"ఏం నాయనా, నీకూ చోటు దొరకలేదా?"