అటు పక్క పెళ్ళికొడుకు

పొద్దున్నే కాఫీ వేళకు గున్వోర్ బల్ల మీది రొట్టె, గోధుమరంగు జున్ను, కప్పులు అన్నీ ఓ మూలకు నెట్టేసి తన కొత్త బొంత పరిచింది. ఏడు నెలలు కూర్చుని కుట్టిన బొంత. నీలం ముక్కలన్నీ ఫ్యోర్డు, అంటే కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ; బూడిదరంగువి కొండ. ఆ కొండ మీంచి జారుతున్న ఏడు తెల్లటి పట్టీలు ‘ఏడుగురు అక్కచెల్లెళ్ళు’ అనే జలపాతాలు. వాళ్ళ పక్కనే ఇంకో లావుపాటి పట్టీ ‘పెళ్ళికొడుకు’. ఏడుగురిలో ఒక్కతైనా తనను చేసుకోకపోతుందా అని బతిమాలుకునే జలపాతం అది.

ఆమె భర్త ఆస్లాక్ ముప్ఫై మూడేళ్ళు తీరం వెంట ప్రయాణికుల ఓడ నడిపి, రెండేళ్ళ కిందటే ఇల్లు చేరాడు. కళ్ళజోడు సర్దుకుని బొంతను చూశాడు. చూసి పకపకా నవ్వాడు.

"ఇదేమిటే! పెళ్ళికొడుకుని తీసుకెళ్ళి ఆడపిల్లల సరసన కూర్చోబెట్టావు?"

"నువ్వే చెప్పావుగా, పక్కనే ఉంటాడని."

"పక్కన కాదు, అటు పక్కన! మధ్యలో ఫ్యోర్డు ఉంటుంది. వాళ్ళు ఈ ఒడ్డున, వాడు ఆ ఒడ్డున. వందసార్లు చెప్పుంటాను. ఇది ప్రదర్శనలో పెడితే జనం నవ్విపోతారు."

గున్వోర్ మొహం చిన్నబోయింది. శనివారం గైరాంగర్‌లో బొంతల ప్రదర్శన. ఆ తర్వాత జులై అంతా మరో మూడు ఊళ్ళలో. ఈసారి నాలుగూ తిరగాలని, దారిలో ఫ్యోర్డులన్నీ కళ్ళారా చూడాలని ఆమె ఆశ. పాత వ్యానులో దుప్పట్లు కూడా సర్దేసుకుంది.

అంతలో కూతురు సోల్రున్ తోటలోంచి స్ట్రాబెర్రీల గిన్నెతో వచ్చింది. "అమ్మా, నిజంగా ఒక్కదానివే వెళతావా? దారిలో ఎన్ని సొరంగాలున్నాయో తెలుసా? సొరంగం రాగానే కళ్ళు మూసుకునేదానివి, బండి ఎలా నడుపుతావు?"

"తెరిచే నడుపుతాలే."

"పోనీ నాన్నని తీసుకెళ్ళు."

"నన్నా?" ఆస్లాక్ పేపరు మడిచాడు. "ఉఫ్! ఫ్యోర్డులో చూసేదేముంది? అటో కొండ, ఇటో కొండ, మధ్యలో నీళ్ళు. హాయిగా ఇంట్లో కూర్చోక."

గున్వోర్‌కు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నీకు నీళ్ళే. చూసి చూసి మొహంమొత్తింది. మరి నాకు? నువ్వు ఓడ మీదుంటే నాకు పిల్లా, గొర్రెలూ. నువ్వు ఇంట్లో ఉంటేనేమో ‘అలిసిపోయాను, ఎక్కడికీ వద్దు’. వందసార్లు చెప్పానంటున్నావే, ఒక్కసారి చూపించావా? నీ మాటలు విని నా చేత్తో కుట్టుకున్నాను. తప్పు పడితే ఆ తప్పు ఎవరిది?"

ఆస్లాక్ పేపరు బల్ల మీద పడేశాడు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి సోల్రున్ కిటికీలోంచి తొంగిచూసింది.

"అమ్మా, నాన్న వ్యాను టైర్లలో గాలి కొడుతున్నాడు."

"మీ నాన్నకి తప్పయిందనడం చేతకాదు. ఇదిగో, ఇలా చెబుతాడు," అంది గున్వోర్. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

శుక్రవారం మధ్యాహ్నం వ్యానును గైరాంగర్ వెళ్ళే పడవ ఎక్కించారు. సొరంగాలన్నీ ఆస్లాకే నడిపాడు. ఆమె అన్నింట్లోనూ కళ్ళు మూసుకునే ఉంది. పడవ కొండ మలుపు తిరగ్గానే ఆస్లాక్ ఆమెను పైకి లాక్కెళ్ళి, భుజాలు పట్టి నిలబెట్టాడు.

"ఇటు చూడు, ఏడుగురూ! ఇప్పుడు తిరుగు. అటు."

గున్వోర్ తిరిగింది. అంత నీటికీ అవతల, నిలువెత్తు రాతి మీంచి ఒంటరిగా దూకుతున్నాడు పెళ్ళికొడుకు. గాలికి తుంపర ఆమె మొహాన కొట్టింది.

"అయ్యో, ఎంత దూరంలో ఉన్నాడు పాపం!" అంటూ ఆమె సంచీలోంచి కుట్లు విప్పే చిన్న కత్తి తీసింది. "నువ్వన్నదే నిజం. ఈ రాత్రికి విప్పి అటు పక్కన కుట్టేస్తాను."

ఆస్లాక్ ఆ కత్తి లాక్కుని తన జేబులో వేసుకున్నాడు.

"విప్పకు."

"నవ్వుతారన్నావుగా?"

"నవ్వనీ. ముప్ఫై మూడేళ్ళు నేనూ అటు పక్కనే ఉన్నాను గున్వోర్." అతను కళ్ళజోడు తీసి తుడిచిందే తుడిచాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. జలపాతాలు రెండూ కనుమరుగయ్యేదాకా వదల్లేదు.

శనివారం ప్రదర్శనలో ఒక పెద్దావిడ ఆ బొంత ముందు ఆగి గట్టిగా అనేసింది: "ఇదేమిటమ్మా, పెళ్ళికొడుకు తప్పు ఒడ్డున ఉన్నాడే!"

గున్వోర్ జవాబు వెతుక్కునేలోపే ఆస్లాక్ అందుకున్నాడు.

"తప్పు ఒడ్డేం కాదండీ. నిన్ననే ఈదుకుంటూ వచ్చాడు. కాస్త ఆలస్యమైంది, అంతే."

"అయితే పెళ్ళెప్పుడో?" అంది పెద్దావిడ, నవ్వాపుకుంటూ.

"పెళ్ళి ఎప్పుడో అయిపోయిందండీ," అంది గున్వోర్, కళ్ళు తుడుచుకుంటూ. "పక్కకి రావడమే ఇప్పుడు."