తలుపవతలి చెల్లి

రాత్రి పదకొండూ నలభైకి ఓడిల్ ఫ్లాస్కులోంచి కాఫీ ఒంపుకుంది. ఎదురుగా గాస్పార్ మైకుల ఎత్తు సరిచేస్తున్నాడు.

వాళ్లున్న కొండమీది చిన్న చర్చికి మంచి పేరు లేదు. చీకటిపడ్డాక అక్కడ ఏం పాడినా ఎవరో తిరిగి పాడతారట! చర్చి తాళంచెవి ఇస్తూ ముసలి మదామ్ పెర్నెల్ అననే అంది: "వినపడితే బదులు పలక్కు అమ్మాయ్... మా నాన్న పలికాడు. వారం పాటు గొంతు పెగల్లేదు."

"జలుబు చేసుంటుంది," అని నవ్వాడు గాస్పార్.

ఓడిల్ వాయించే లూట్ జతలు జతలుగా తీగలు కట్టిన పాతకాలపు వాద్యం, దాని గొంతు చిన్నది. కింద రోడ్డు మీద లారీలు సద్దుమణిగితేగాని రికార్డింగ్ కుదరదు. ఇది ఆఖరి రాత్రి. పొద్దున ఏడింటికి మరమ్మతులకు మేస్త్రీలు దిగిపోతారు. మిగిలింది ఒక్క బాణీ. మూడొందల యాభై ఏళ్లనాటి చేతిరాతలో దాని పేరు 'తలుపవతలి చెల్లి'. ఎందుకా పేరో ఎవరికీ తెలీదు. అది లేకపోతే ఆల్బమే లేదు.

ఓడిల్ వాయించి ఆపింది.

"ఉండు..." హెడ్‌ఫోన్స్ చెవులకు అదుముకున్నాడు గాస్పార్. "ఇంకోటేదో మోగుతోంది."

"నా ఊపిరేమో."

"నీ ఊపిరి నాకు పన్నెండేళ్లుగా తెలుసు తల్లీ, సైకిల్ పంపులా ఉంటుంది. ఇది... శ్రుతిలో ఉంది."

మళ్లీ వాయించింది. మళ్లీ అదే. ఆమె ఆగిన చోటల్లా — సన్నగా, దూరంగా — ఎవరో అందుకుంటున్నారు. ఆరుసార్లు! మూడున్నర అయింది.

"ముసలావిడ చెప్పింది కదా..." గొణిగాడు గాస్పార్. ఇప్పుడు నవ్వడంలేదు.

ఓడిల్ లేచింది. ఆ చప్పుడు ఫాదర్ దుస్తులు మార్చుకునే గదిలోంచి. తలుపు ఓరగా ఉంది. టార్చి వేసింది—

బల్ల మీద ఆమె రెండో లూట్! గొర్రె పేగుతో చేసిన దాని తీగలు అక్కడి చెమ్మకు అలవాటు పడాలని, సాయంత్రం తనే శ్రుతిచేసి పెట్టెలోంచి బయటపెట్టింది. అవతల తను మీటినప్పుడల్లా ఇక్కడ అదే శ్రుతిలోని తీగ తనంతట తనే కదులుతోందన్నమాట.

నవ్వబోయి ఆగిపోయింది. "గాస్పార్... తలుపవతల, చెల్లి! ఈ బాణీ కట్టినాయన కూడా పక్కగదిలో ఇంకో లూట్ పెట్టుకున్నాడు!"

"అయితే దాచడం దేనికి? తలుపు బార్లా తియ్."

ఒక్క టేక్. తప్పు లేదు. ఐదింటికి సామాను సర్దేశారు.

తొమ్మిది రోజుల తర్వాత స్టూడియో నుంచి గాస్పార్ ఫోన్.

"ఆఖరి స్వరం ఏ తీగ మీద వాయించావు?"

"అన్నిటికన్నా కింది శ్రుతిది. పదకొండో జత. ఏం?"

"జవాబు కూడా అంత కింది శ్రుతిలోనే వచ్చింది. భలే ఉంది. చెల్లికి ఎన్ని జతలు?"

ఓడిల్ గోడకు వేలాడుతున్న రెండో లూట్ దగ్గరికి వెళ్లి వేలుపెట్టి లెక్కపెట్టింది.

పదే.