గంజి పోసిన మల్లె

ఫాల్గుణం వచ్చిందంటే సారవ్వకు పొద్దున్నే ఒక పని ఎక్కువయ్యేది. చెట్ల ఆకులు కడగాలి. గోదావరిఖనిలో ఆ క్వార్టర్ల వరసకు ఓపెన్ కాస్ట్ బొగ్గు గని ఎంతో దూరం లేదు మరి. తెల్లారేసరికి గోంగూర మీదా టమాట మొక్కల మీదా సన్నటి నల్ల దుమ్ము పరుచుకుని ఉంటుంది. చెంబుతో నీళ్లు చల్లి, పాత చీర ముక్కతో ఒక్కో ఆకూ తుడుస్తుంది. "మనం మొఖం కడుక్కుంటలేమా? ఇవ్వేం పాపం చేసినయ్?" అంటుంది, ఎవరైనా నవ్వితే.

ఆ రోజు భర్త బుచ్చన్న మొదటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. కూతురు సంధ్యారాణి నానబెట్టిన బీర గింజలు గిన్నెలో వేసుకుని పెరట్లోకి వచ్చింది. గోడ వెంబడి గుంతలు తీసి, ఇంత పొయ్యి బూడిద చల్లి, గింజలు పెడుతోంది. అల్లుడు పోయాక ఆ పిల్ల చేతికి మన్ను అంటడం అదే మొదలు. సారవ్వకు కడుపు నిండినట్టయింది. ఆ సంతోషం ఎంతసేపులెండి!

"అవ్వా, మన మల్లె ఇంక చిగురు పెట్టలేదేంది?" అంది సంధ్య, మూలనున్న చెట్టు వైపు చూస్తూ.

సారవ్వ చేతిలో గుడ్డ ఆగింది. "ఈసారి ఎండలు జల్ది ముదిరినయ్ బిడ్డా. పెడ్తది తియ్."

"అందరి చెట్లకు మొగ్గలొచ్చినయ్ గదా. బాపు మాఘంల ఆకు దూసిండు, నీళ్లు ఎండగట్టిండు, మళ్ల యాళ్లకు పోసిండు. నా చిన్నప్పటి సంది గట్లనే చేస్తడు. ఎన్నడన్న తప్పిందా?"

సారవ్వ మళ్లీ గోంగూర మడి వైపు తిరిగింది. ఏం చెబుతుంది? ఆ చెట్టుకు ఏమైందో ఆమె ఒక్కదానికే తెలుసు. బుచ్చన్న డ్యూటీకి పోయి, కూతురు స్నానానికి పోయిన సందు చూసుకుని, వార్చిన గంజి సలసల మరిగేది మరిగినట్టే తెచ్చి, రోజూ ఆ చెట్టు మొదట్లో పోస్తోంది ఆవిడే.

పగబట్టి కాదు, పాపం. అల్లుడు జైపాల్ మంచిర్యాల నుంచి బైకు మీద వచ్చినప్పుడల్లా గేటు దగ్గర నుంచే "అత్తమ్మా, మల్లెలు కోసినవా?" అని అరిచేవాడు. చాయ్ సంగతి తర్వాత. మొగ్గల్ని తడిగుడ్డలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, సంధ్య కోసం గోదావరి దాటించేవాడు. దసరా దాటాక ఒక లారీ ఆ పిల్లవాడిని మింగేసింది. సంధ్య బొట్టూ పూలూ లేకుండా పుట్టింటికి వచ్చింది. ఎండాకాలం వస్తే ఆ చెట్టు పూస్తుంది, ఇల్లంతా వాసన కొడుతుంది, తన బిడ్డ ఆ వాసన పీలుస్తూ ఎట్లా కూర్చుంటుంది? తల్లి మనసు ఆ ఒక్క ఆలోచన దగ్గరే ఆగిపోయింది. చెట్టే లేకుంటే బాధే ఉండదనుకుంది వెర్రితల్లి.

అంతలో గోడ అవతల నుంచి పూలమ్మ తల పైకి లేచింది. పక్క క్వార్టర్ ఆమె. బర్రెను పెట్టుకుని పాలు పోస్తుంది.

"సారక్కా, ఏంది నా మీద కోపమా? నెల దినాలాయె, గంజి పోస్తలేవు. మా బర్రె నీ గోడ దిక్కే చూస్తున్నది."

"కుక్కర్ల వండుతున్న పూలమ్మా," అంది సారవ్వ గబుక్కున.

"గట్లనా? సరే మరి," అని పూలమ్మ వెళ్లిపోయింది.

సంధ్య మాత్రం కదల్లేదు. కుక్కర్ మూత రబ్బరు తెగి సంక్రాంతి నుంచి అటక మీదే ఉంది. ఇంట్లో అన్నం వారుస్తూనే ఉన్నారు. ఆమె లేచి మల్లె దగ్గరికి పోయి కూర్చుంది. చెట్టు మొదట్లో మన్ను అట్టకట్టి తెల్లగా ఉంది. మధ్య మధ్య మెతుకులు. చీమలు వాటిని లాక్కుపోతున్నాయి.

"వేడి గంజి పోసినవా?"

సారవ్వ చెంబు అందుకుని లేవబోయింది.

"నిన్నే అడుగుతున్న అవ్వా! చెట్టును సంపినవా?"

"నీ కోసమే బిడ్డా. పూలు చూసి నువ్వు ఏడుస్తవని..."

"ఏడుస్తనేమో! ఏడువనియ్యరాదా?" సంధ్య విసురుగా లేచింది. "టీవీల పెండ్లి వస్తే ఛానల్ మారుస్తవ్. మా పెండ్లి ఫోటో బీరువా ఎన్కకు దాసినవ్. ఆయన పేరు ఎవలన్న తీస్తే కండ్లతోని సైగ చేస్తవ్. దవాఖానల మంచం మీదున్నదాన్ని చూసినట్టు చూస్తున్నవ్ నన్ను. ఆయన పోయిండు. నేను బతికే ఉన్న గదనే!"

"గట్లనకు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత..."

"ఆయన నాకు పూలు తెచ్చిన చెట్టు గదా అది! నాకు ఇంకేమున్నదని దాన్ని గూడ లేకుంట చేసినవ్?"

ఆ మాట సారవ్వకు తట్టనే లేదు. బిడ్డకు ముల్లు అనుకుని తీసేసింది. అది బిడ్డ దాచుకున్న ఆఖరి వస్తువు అని ఇప్పుడు తెలిసి ఏం లాభం?

మూడు దాటాక బుచ్చన్న డ్యూటీ దిగి వచ్చాడు. చేతిలో మల్లెకని తెచ్చిన వేరుపురుగు మందు పొట్లం. తల్లీ కూతుళ్లు చెరొక మూల కూర్చుని ఉండటం చూసి, ఏమైందని అడిగాడు. సంధ్యే చెప్పింది. అరుస్తాడనుకున్నారు ఇద్దరూ. ఆయన అరవలేదు. పొట్లం అరుగు మీద పెట్టి చెట్టు దగ్గరే కూలబడ్డాడు.

"ఆకు దూసిననాడే అనుకున్న, ఈసారి మొదలంట నరుకుదామని. గొడ్డలి గూడ తీసిన. చెయ్యి రాలే." భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నీ అవ్వను ఏమనకు బిడ్డా. మా ఇద్దరిది ఒక్కటే భయం."

ఆ మాటతో సంధ్య కోపం చప్పబడింది. ముగ్గురూ కలిసి గట్టిబడ్డ మన్ను తవ్వారు. మాడిన కొమ్మలు కత్తిరించారు. కొత్త ఎర్రమట్టి, ఎరువు వేసి, చల్లటి నీళ్లు పోశారు. అప్పటి నుంచి సారవ్వ పొద్దున లేస్తే ముందు ఆ మోడు దగ్గరికే పోయేది. "లేవవే తల్లీ, బుద్ధి తక్కువై చేసిన," అని దానితో మాట్లాడేది. ఉగాది వచ్చింది, పోయింది. బీర గింజలు మొలిచి, తీగలు సాగి, పందిరి ఎక్కి పసుప్పచ్చటి పూలు పూశాయి. మల్లె మాత్రం లేవలేదు. ఒకనాడు బుచ్చన్న పుల్ల విరిచి చూస్తే లోపల కూడా ఎండిపోయి ఉంది. ఆయన ఆ సంగతి భార్యకు చెప్పలేదు. ఆమె నీళ్లు పోస్తూనే ఉంది.

ఒక సాయంత్రం పెరట్లో నీళ్లు చల్లి తల్లీ కూతుళ్లు కూర్చున్నారు. క్వార్టర్ల వరస వరసంతా మల్లెలు విచ్చుకున్నాయి. ఎటు ముఖం తిప్పినా అదే వాసన. సారవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

సంధ్య అది చూసి నవ్వింది. "ఇంక ఎన్ని చెట్లకు గంజి పోస్తవ్ అవ్వా?"

పూలమ్మ మల్లెతీగ కొమ్మలు గోడ దాటి ఇటు వంగి ఉన్నాయి. సంధ్య లేచి గుప్పెడు మొగ్గలు తెంపింది. దారం తెచ్చి మాల కట్టింది. తల్లిని లోపలికి తీసుకుపోయి, తలుపు దగ్గరగా వేసి, వీపు తిప్పి కూర్చుంది.

"పెట్టు."

"వద్దు బిడ్డా. ఎవలన్న చూస్తే..."

"ఇంట్లనే గదా. జరసేపు పెట్టు అవ్వా. నాకు పెట్టుకోవాలనున్నది."

సారవ్వ జడలో మాల తురిమింది. సంధ్య అద్దంలో చూసుకుంది. ఏడవలేదు. మెడ కొంచెం పక్కకు తిప్పి, వేలితో ఒక మొగ్గను సర్దుకుంది. అచ్చం పెళ్లికి ముందు చేసినట్టే. తన బిడ్డ ఇంకా ఇంత చిన్నపిల్లేనని సారవ్వకు ఆ క్షణాన కనబడింది.

గేటు కిర్రుమంది. "సారక్కా, గంజి ఉన్నదా?"

అంతే. సారవ్వ చెయ్యి దానంతట అది లేచింది. మాలను పట్టి గుంజింది. పూలతో పాటు నాలుగు వెంట్రుకలు కూడా ఊడి వచ్చాయి. పిడికిలి కొంగు కిందికి పోయింది. తానేం చేసిందో ఆమెకు తెలిసేసరికి అంతా అయిపోయింది.

సంధ్య తలను ఒకసారి తడుముకుంది. గంజి గిన్నె తీసుకుని బయటికి పోయి, పూలమ్మ బకెట్లో పోసి, బర్రె ఎట్లా ఉందని కూడా అడిగి వచ్చింది.

తిరిగి వచ్చేసరికి సారవ్వ నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. "లోకం ఏమంటదో అని భయపడ్డనే ఇన్ని దినాలు. పూలమ్మ చూడనే లేదు, ఒక్క మాట అననే లేదు. నీ నెత్తి మీద పూలు గుంజింది నేనే గదనే బిడ్డా! చెట్టునూ నేనే సంపితి, నిన్నూ నేనే..."

సంధ్య పక్కన కూర్చుని తల్లి పిడికిలి విప్పింది. మొగ్గలు నలిగిపోయాయి.

"రేపు మళ్ల పెట్టవ్వా."

"మళ్ల గుంజుతనేమో."

"గుంజు. ఎల్లుండి మళ్ల కట్టుకస్త."

సారవ్వ ఆమె ఒళ్లో తల పెట్టుకుంది. కూతురు తల్లి వీపు నిమురుతూ, తెరిచిన తలుపులోంచి పెరటి మూలకు చూసింది. మోడు చుట్టూ మన్ను ఇంకా తడిగానే ఉంది.