అడిగినదానికన్నా ఎక్కువ

రాజధానిలో పాత వంతెన మీద ఒక్క బండే పడుతుంది. ఆ రోజు దాని నడిమధ్యన రెండు బళ్ళు ఎదురెదురుగా ఆగిపోయాయి. ఒకటి ఒస్తాన్ వంశానిది, రెండోది వెర్మాస్ వంశానిది. ఊరేగింపులో దేవచక్రవర్తికి గొడుగు ఎవరు పట్టాలన్న దగ్గర తాతల నాడు మొదలైంది తగవు. ఇప్పటికీ ఆ రెండిళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒకరిని చూసి ఇంకొకరు బండి వెనక్కి తీయడమన్నది లేదు. పైన వాన దంచి కొడుతోంది.

మారెత్ ఒస్తాన్ విసుగొచ్చి కిటికీ తెర తీసింది. ఎదుటి బండిలోంచి వెర్మాస్‌ల పెద్దబ్బాయి ఇద్రిక్ తల బయటపెట్టి, తడుస్తూ నవ్వుతున్నాడు.

"మీ గుర్రాలకి వెనక్కి నడవడం రాదా?" అంది.

"వచ్చండీ. మీ ఇంటి జెండా చూస్తే మర్చిపోతాయి."

"అయితే తెల్లారేదాకా ఇక్కడే ఉండండి."

"మీరూ ఉంటానంటే నాకేం ఇబ్బంది లేదు."

ఎంత పొగరు అనుకుని తెర వేసేసింది. కాసేపటికి మళ్ళీ తీసింది. ఇద్రిక్ వేయించిన గింజలు తన బండివాడితో పంపించాడు. శత్రువుల తిండి ముట్టకూడదని నాయనమ్మ చిన్నప్పటినుంచీ నూరిపోసింది కానీ, ఆకలి నాయనమ్మ మాట వినదు కదా. చివరికి భటులొచ్చి రెండు బళ్ళనీ ఒకేసారి వెనక్కి నెట్టారు. అప్పటికే మారెత్ మనసు ఆమె చెయ్యి దాటిపోయింది.

ఆ చలికాలమంతా ప్రార్థన వంకతో కలుసుకున్నారు. మీరు కాస్తా నువ్వయింది. పెద్దవాళ్ళకి చెప్పేద్దామని ఇద్రిక్ అంటే మారెత్ నవ్వింది. "మీ నాన్న నిన్ను చంపుతాడు, మా నాన్న నన్ను చంపుతాడు. ఇక పెళ్ళికి మిగిలేదెవరు?"

ఉపాయం కూడా ఆమెదే. ఏటా వరాల రోజున వంశాలవాళ్ళు దేవచక్రవర్తి ప్రభువును ఒక కోరిక కోరవచ్చు. తనకోసం అడగడం మహాపాపం, ఇంటికోసమే అడగాలి. రెండిళ్ళ పగ తీర్చమని అడుగుదాం, పగే లేకపోతే పెళ్ళికి అడ్డేముంటుంది అంది. ఇద్రిక్‌కి ఎందుకో భయం వేసింది. ప్రభువు దగ్గర ఆచితూచి మాట్లాడాలన్నాడు. ఆమె విన్లేదు.

భయం ఊరికే కాదు. ఆ సామ్రాజ్యంలో ప్రభువు మాట ఆజ్ఞ కాదు, నిజం. ఉత్తరాన ఒక నది ఎండిపోయిందని ఆయన ఎప్పుడో పొరబాటున అన్నాడు. అది ఇప్పటికీ నిండుగా పారుతోంది, అందులో కడవ ముంచేవాడు మాత్రం లేడు.

ప్రభువు ముసలివాడు, మెత్తని మనిషి. మారెత్ కోరిక వింటుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఎన్నాళ్ళకి ఒక మంచి కోరిక విన్నానమ్మా," అన్నాడు. "పగ ఒక్కటీ పోతే ఏం సరిపోతుంది? ఇవాళ్టినుంచి మీ రెండిళ్ళదీ ఒకే రక్తం. మీ పిల్లలంతా తోబుట్టువులు."

సభ అంతా లేచి జేజేలు పలికింది. మారెత్ తండ్రి బావురుమంటూ ఇద్రిక్ తండ్రిని కావలించుకున్నాడు. మారెత్ ముఖం మీద నవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

బయట నడవాలో ఇద్రిక్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గుర్రాలున్నాయి, సరిహద్దు దాటిపోదాం అన్నాడు.

"ప్రభువు మాటని మనం అబద్ధం చేస్తే, మన రెండిళ్ళలో ఒక్క తల మిగలదు."

"ఇంటికేం కావాలో బాగా తెలుసు నీకు. అడిగింది నువ్వేగా."

ఆ మాట అన్నందుకు అతనే ముందు ఏడ్చాడు. మారెత్‌కి ఏడుపు రాలేదు. తన తెలివి మీద తనకే అసహ్యం వేసింది. మెల్లిగా చెయ్యి విడిపించుకుంది.

సాయంత్రం రెండిళ్ళకీ కలిపి విందు. కొత్తగా కలిసిన చెల్లెలు అన్న నోట్లో తేనె రొట్టె పెట్టి, అందరి ముందూ వరసపెట్టి పిలవాలి. మారెత్ రొట్టె తుంచింది. వేళ్ళకి అతని పెదవులు తగిలాయి.

"తినన్నయ్యా," అంది గట్టిగా, మళ్ళీ అనమని ఎవరూ అడగకుండా.

చప్పట్లు మోగాయి. ఆమె తండ్రి పట్టలేని ఆనందంతో ఇద్రిక్ భుజం మీద చెయ్యేశాడు.

"అన్నవయ్యావు కదా, ఇక దాని పెళ్ళి భారం నీదే బాబూ. మంచి సంబంధం చూడు."

ఇద్రిక్ నోట్లో రొట్టె అలాగే ఉంది. అందరూ తన వైపే చూస్తున్నారు. చూస్తానన్నట్టు తలూపాడు.