పేలకముందే అచ్చయిన పేలుడు

"అదే నేను గూడ అంటున్న. ఎల్లమాస పండుగ నాడు ఆఫీసేంది? ఊరంత పొలాలకు పోతుంటే ఈమె ఒక్కతే టైపు మిషన్ ముంగట కూసుంటదట!" బూట్ల లేసులు కట్టుకుంటూనే జగన్‌మోహన్ గొంతు పెంచాడు.

"అర్జెంట్ లెటర్లున్నయి," అంది సుగుణమ్మ మూడోసారి.

"అసలు నౌకరెందుకిప్పుడు? కార్ఖానా మళ్ల తెరిచిన్రు. నాకు జీతమొస్తున్నది. మానెయ్యి."

"నాలుగేండ్లు మూతపడ్డప్పుడు ఈ పొయ్యి ఎవరు ముట్టిచ్చిన్రు?"

"మళ్ల అదే మాట!"

అనంతమ్మ పెనం మీద జొన్నరొట్టె తిరగేసింది. "కొడుకు కార్ఖానాకు, కోడలు కచ్చేరికి. నేనొక్కదాన్నే గంపెత్తుకొని ఝరాసంగం తొవ్వ పట్టాల్నా?"

"నేను పన్నెండింటి దాక టెస్టింగ్ షెడ్డుల ఉంటనే అమ్మా. మొదటి నూరు పంపుసెట్లు ఇయ్యాలనే లారీలెక్కుతయి. సైరన్ కాంగనే పొలం కాడికొస్త." జగన్‌మోహన్ భార్య వైపు చూడకుండానే సైకిలెక్కాడు.

పెళ్లయి పదమూడేళ్లయినా అతనికి తెలియని సంగతి ఒకటుంది. జహీరాబాద్‌లో కొత్తగా పెట్టిన మండలాఫీసులో టైపిస్టు సుగుణమ్మ, స్టేట్ ఇంటెలిజెన్స్ ఫైళ్లలో ఏజెంట్ 41.

* * *

ఉదయం తొమ్మిదిన్నర. బజారులో గాజుల బండి.

"మట్టిగాజులున్నయా?"

"పగిలేటివి లేవు."

కోడ్ సరిపోయింది. బండివాడు ఆమె చేతికి గాజులు ఎక్కిస్తున్నట్టు వంగాడు. మాసిన ధోవతి, తలకు రుమాలు. అతను ఈరయ్య. ఇంటెలిజెన్స్‌లో ఆమెకు చీఫ్.

"ఇది చదువు," అంటూ గాజుల కింద నుంచి ఒక కరపత్రం జరిపాడు.

*శుక్రవారం మధ్యాహ్నం పంపుసెట్ల కార్ఖానాలో జరిగిన ఘోరమైన పేలుడుకు సర్కారు చేతగానితనమే కారణం! ఇట్లు, కార్ఖానా మాజీ ఛైర్మన్.*

సుగుణమ్మ తలెత్తింది. "ఇయ్యాలనే శుక్రవారం సార్."

"పేలుడు ఇంకా కాలే. ఖండన మాత్రం నిన్ననే అచ్చయింది." ఈరయ్య నవ్వలేదు. "ఆ కార్ఖానాను మింగి తాళమేసినోడు ఈయనే. సర్కారు తెరిచి నడిపిస్తుంటే ఓర్వలేకపోతుండు. ఆరు నెల్ల నుంచి బస్టాండు కాడ మీటింగులు పెట్టి, మండలాలెందుకు, పంపులెందుకు అని మైకు పగలగొడుతుండు. ఆ మైకు పైసలు సింగపూర్ నుంచి వస్తున్నయి."

"సింగపూర్ వాళ్లకేం నొప్పి?"

"ఫారిన్ పంపు మూడింతల రేటుకు అమ్ముతున్నరు. రైతు మండలాఫీసుల దరఖాస్తు పెట్టి, దలాల్ లేకుండ, వారం రోజుల్ల మన పంపు తీసుకపోతే వాళ్ల దుకాణం బంద్. ఇక్కడ వాళ్ల మనిషి విరూపాక్ష."

ఆమెకు తెలుసు. తెల్ల జీపు, కోటు, "మాది రాయికోడే" అంటూ అందరి భుజం మీదా చెయ్యి. పక్కన సెక్రెటరీ షరీఫా. షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలు. ఆమె నడిస్తే బజారులో తరాజులు ఆగిపోతాయి. రెండు చోట్ల జీతం తీసుకుంటుంది, పని మాత్రం మనకే చేస్తుంది.

"షరీఫా మెసేజ్ పంపింది," అన్నాడు ఈరయ్య. "బాంబు టెస్టింగ్ షెడ్డుల ఉంది. రిమోట్ స్విచ్ విరూపాక్ష ఒంటి మీదనే ఉంది, ఎక్కడో ఆమెకింకా తెలువది. సరిగ్గ పన్నెండింటికి ఝరాసంగం రోడ్డు మీద నొక్కి, అటునుంచి అటే బీదర్ పోతడు."

చేతికి ఎక్కుతున్న గాజు చిట్లింది. టెస్టింగ్ షెడ్డు. ఇరవై మంది. అందులో ఒకడు పొద్దున కోపంగా వెళ్లిన తన మొగుడు.

"షెడ్డు ఖాళీ చేయిస్తే?"

"గేటు కాడ వాళ్ల మనిషి వైర్‌లెస్‌తోని ఉన్నడు. ఒక్కరు బయటికొచ్చినా విరూపాక్షకు చెప్తడు, ఆయన ముందే నొక్కుతడు. రోడ్డు మీద పోలీసు కనిపించినా అంతే."

సుగుణమ్మ చిట్లిన గాజు తీసి బండి మీద పెట్టింది.

"పోలీసులొద్దు సార్. మా పొలం ఆ రోడ్డు పక్కనే. జీపు ఆపనీకి మా అత్తమ్మ చాలు."

* * *

ఎల్లమాస నాడు జహీరాబాద్ చుట్టుపక్కల ఇళ్లలో పిల్లి కూడా ఉండదు. చేల మధ్యనే పూజ, చేల మధ్యనే తిండి. పొలం పక్కనుంచి పోయేవాణ్ణి తినకుండా పోనిస్తే ఆ ఏడు పంటకు మంచిది కాదంటారు. కంచాలుండవు. ఎడమ అరచేతిలో జొన్నరొట్టె, దాని మీద ఆకుకూరలు, పప్పుగింజలు కలిపి వండిన వేడివేడి భజ్జి కూర, కుడిచేత్తో తినడమే.

పదకొండూ యాభై. ఝరాసంగం రోడ్డు మీద తెల్ల జీపు కనిపించింది. అనంతమ్మ రోడ్డు నడుమ నిలబడి రెండు చేతులూ చాపింది.

"దిగు బిడ్డా. తిని పో."

విరూపాక్ష గడియారం చూసుకున్నాడు. "టైం లేదమ్మా. ఇయ్యాల నాకు ఉపాసం."

చుట్టుపక్కల వాళ్లు తలలు తిప్పారు.

"ఉపాసమా? ఏ ఊరు నీది?"

"రాయికోడ్."

"రాయికోడోడు ఎల్లమాస నాడు ఉపాసముంటడా! నేను పుట్టినకాడి నుంచి వినలే. ఓ బస్వమ్మా, ఇగ జూడే!"

పక్క చేల వాళ్లు ఇరవై మంది జీపు చుట్టూ మూగారు. ఆరు నెలలు కష్టపడి కట్టుకున్న 'రాయికోడు మనిషి' అనే కవర్ రొట్టె ముక్క దగ్గర చిరిగేలా ఉంది. విరూపాక్ష పళ్లు కొరుకుతూ దిగాడు. ఎడమచేతిలో రొట్టె పడింది. సుగుణమ్మ గరిటెతో భజ్జి వేసింది.

షరీఫా కళ్లద్దాలు తీసింది. "సాబ్‌కు సిగరెట్ అలవాటు లేదమ్మా," అంది అనంతమ్మతో, తీరిగ్గా. "లైటర్ మాత్రం కోటు జేబుల నుంచి దిగదు."

మెసేజ్ రిసీవ్డ్. స్విచ్ ఆ లైటరే.

పదకొండూ యాభై తొమ్మిది. విరూపాక్ష రొట్టెను మట్టిలోకి విసిరి జేబులో చెయ్యి పెట్టాడు. లైటర్ బయటికి వచ్చింది. దాని కొసన ఎర్రటి చుక్క వెలుగుతోంది. బొటనవేలు లేచింది.

అనంతమ్మ ఆ మణికట్టు పట్టుకుంది. "అన్నం పారేస్తవా? నా పొలంల!"

అరక్షణం. సుగుణమ్మకు అంతే కావాలి. లైటర్ లాక్కుని పక్కనున్న అంబలి కుండలో ముంచింది. చుక్క ఆరిపోయింది. విరూపాక్ష రెండో చెయ్యి నడుము దగ్గరి రివాల్వర్ కోసం వెళ్లేసరికి, షరీఫా హ్యాండ్‌బ్యాగులోని పిస్టల్ అతని మెడకు తగిలింది.

"కూసోన్రి సాబ్. పెద్దమ్మ తినమంటున్నది."

దూరంగా కార్ఖానా సైరన్ మోగింది. సుగుణమ్మ కార్ఖానా దిక్కు తిరిగింది. సైరన్ ఆగింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. జొన్నచేలో పిట్టలు తప్ప.

వెనకాల గుంపులోంచి గాజులాయన బేడీలతో వచ్చాడు. "బాంబ్ స్క్వాడ్ షెడ్డుకు పోయింది. గేటు కాడోడు దొరికిండు. ఛైర్మన్ సాబు ఇంటికి గూడ మనోళ్లు పోయిన్రు."

విరూపాక్ష నవ్వాడు. "రేపు ఇంకొకడొస్తడు. సర్కారు కార్ఖానా, ఎన్నాళ్లు నడుపుతరు?"

"నడిచినన్నాళ్లు నడుపుకుంటం. మూస్తే మళ్ల తెరుస్తం," అంది సుగుణమ్మ. "వచ్చేటోనికి చెప్పు, ఆకలితోని రమ్మను."

విరూపాక్షను ఎక్కించుకుని జీపు కదిలాక ఈరయ్య గొంతు తగ్గించాడు. "హెడ్‌క్వార్టర్స్ నిన్ను మళ్ల హైదరాబాద్ రమ్మంటున్నది. రెండుసార్లు ఇల్లు అన్నవు, పిల్లలన్నవు. ఈసారేమంటవు?"

ఆమె కాగితం, పెన్ను అడిగింది.

అనంతమ్మ మాత్రం ఏమీ అడగలేదు. కుండలోకి చూసి, "కుండెడు అంబలి ఖరాబు చేసినవు," అంది.

* * *

రాత్రి భోజనాల దగ్గర జగన్‌మోహన్ ముఖం వెలిగిపోతోంది. "నూరుకు నూరు పంపులు లారీలెక్కినయి! పన్నెండింటికి ఎవరో చెకింగ్ అని షెడ్డంత కిందమీద జేసిన్రు, అందుకే పొలం కాడికి రాలేకపోయిన గానీ, ఒక్క పంపు గూడ ఆగలే. ఇగ చెప్పు సుగుణా, రాజీనామా ఎప్పుడిస్తున్నవు?"

కూతుళ్లిద్దరూ తల్లి ముఖం చూశారు. అనంతమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని గోడ వైపు చూసింది.

సుగుణమ్మ అందరి గ్లాసుల్లో నీళ్లు పోసి కూర్చుంది. గొంతు పెంచలేదు.

"సోమవారం హైదరాబాద్ పోతున్న. మూడు నెలలు ట్రైనింగ్. ఒప్పుకున్నట్టు రాసిచ్చిన. పొయ్యి ఎట్ల ముట్టియ్యాల్నో మీకు అత్తమ్మ నేర్పుతది."